బిడ్డ మంచాన ఉంటే కొండను చూసి తేరుకోవడం తప్పా?

రాపూరు పక్క పల్లె నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. ఆరు ఠావులు, రెండు వైపులా రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాను.

ఆమెకు 57 ఏళ్ళు. భర్తకు నాలుగెకరాల నిమ్మతోట. ఒక్కడే కొడుకు, 31 ఏళ్ళవాడు, శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం. పోయిన ఎండాకాలం నుంచి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు. పరీక్షలు చేస్తే గుండె ఎడమవైపు కవాటం, మైట్రల్ వాల్వు అంటారే అది, బిగుసుకుపోయిందని తేలింది. కార్తీకమాసంలో చెన్నైలో ఎదురొమ్ము ఎముక కోసి, పాడైన వాల్వు తీసి లోహపు వాల్వు పెట్టారు. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. ఇప్పుడు ఏడో వారం. కొడుకు, కోడలు, మూడేళ్ళ మనవరాలు పల్లెలో ఈమె దగ్గరే ఉన్నారు. కోలుకోవడం బాగానే ఉందని డాక్టర్లు అంటున్నారు.

ఆమె బాధ వేరు. "ఇంట్లో ఉంటే నాకు గాలాడదు. తెల్లారుజామున మిద్దెక్కి పడమరగా వెలికొండల్ని చూస్తా కూర్చుంటాను. ఒకరోజు గంట, ఒకరోజు రెండు గంటలు. అప్పుడు మాత్రం నా మనసు నా దగ్గరుంటుంది. శనివారం బస్సెక్కి పెంచలకోనకు పోయి, దణ్ణం పెట్టుకుని ఏటి పక్కన కూర్చోనొస్తాను. ఇంటికొచ్చినాక దొంగతనం చేసినట్టుంటుంది" అని రాశారు. చూడ్డానికొచ్చిన ఆడబిడ్డ నలుగురిలో "బిడ్డ ఎముకలు కోయించుకోని పడుంటే నీకు కొండలు కావాల్సొచ్చినాయా వదినా" అన్నదట. కోడలు ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం "మాత్రలేసే టయానికి మీరు కనపడరత్తయ్యా" అని ఊరుకుంది. కొడుకు ఫోను పట్టుకుని గోడకేసి తిరిగి పడుకుంటాడు. పోయిన వారం అతన్ని నిదానంగా మిద్దె మీదికి నడిపించి కొండలు చూపిస్తే, అయిదు నిమిషాలుండి "నీకు బాగుంది కదా, నువ్వు చూసుకోమ్మా. నాకేం అనిపించడంలా" అని దిగిపోయాడట. పైగా ఒక మొక్కు ఉంది. ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడు, నలభై రోజుల్లో కోనకు తెచ్చి వాడితో తలనీలాలు ఇప్పిస్తానని నరసింహస్వామికి మొక్కుకున్నారు. నలభై రోజులూ దాటాయి. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు, కొడుకు అసలు రానన్నాడు.

ఆమె అడిగినవి మూడు. కొండ చూసి తేరుకోవడం తప్పా? ఆ తేరుకోవడం కొడుక్కి కూడా దక్కేట్టు చేయడం ఎట్లా? మొక్కు సంగతేంటి?

అమ్మా, మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను. తప్పు కాదు. ఈ మాట మీకు మీ ఆడబిడ్డ చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అందుకని నేను రెండుసార్లు చెబుతాను. తప్పు కాదు.

మాది ఉదయగిరి. మా అమ్మాయికి 26 ఏళ్ళప్పుడు వెన్నుపూస ఆపరేషన్ అయింది. మూడు నెలలు మంచం. ఆ మూడు నెలలూ నేను సాయంత్రం వాకిట్లో కూర్చుని దుర్గం కొండ వైపు చూసేదాన్ని. 1514లో కృష్ణదేవరాయలు ఆ కోటను పట్టుకునే ముందు నెలల తరబడి కింద కాచుకుని ఉన్నాడని బళ్ళో చదువుకున్నాం. ఆ పాడుబడ్డ గోడలు చూస్తూ, కింద కాచుకున్నవాళ్ళు ఎవరి బిడ్డలో, ఇంటి దగ్గర ఎవరు ఎదురు చూశారో అనుకునేదాన్ని. ఎందుకలా అనుకుంటానో నాకే తెలిసేది కాదు. లేచి లోపలికి పోయేటప్పటికి మాత్రం చేతుల్లో వణుకు తగ్గేది. కాబట్టి మీరు రాసింది నాకు కొత్త కాదు.

ఆస్పత్రిలో మీరు గడిపిన రోజులు గుర్తు తెచ్చుకోండి. కంటికి కనిపించిందంతా చెయ్యి చాపితే అందే దూరంలోదే. సెలైన్ సీసా, తెరమీద అంకెలు, మాత్రల అట్టలు, జ్వరం చూసే కర్ర. ఇంటికొచ్చాక కూడా అంతే. అతని మొహం, పెదాల రంగు, తిన్న ముద్దలు. ప్రతిదాన్నీ చూసి ఏదో ఒకటి తేల్చుకోవాలి. బాగుందా, లేదా? డాక్టరుకు చెప్పాలా, అక్కర్లేదా? వారాల తరబడి ఇట్లా చూసిన కన్ను అలిసిపోతుంది. మీ మిద్దె మీంచి కనిపించే వెలికొండ ఒక్కటే మీరు దేనికోసమూ పరీక్షగా చూడాల్సిన పనిలేనిది. దానికి జ్వరం రాదు.

ఇంకో సంగతి మీరే రాశారు, రాశానని మీకు తెలియకపోవచ్చు. "ఎండ ముందు కొన మీద పడి, అట్నే దిగతా దిగతా వచ్చి మా తోట దాకా వస్తుంది, అంతసేపూ కదలను" అన్నారు. ఈ పుష్యమాసంలో మీ వెనక నుంచి ఆరున్నరకు పొద్దు పొడుస్తుంది, మంచు ఉంటే ఇంకాస్త ఆలస్యం. కొన మీద ఎర్రగా మొదలైన వెలుగు కిందికి దిగడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. ఏడు వారాలుగా మీ ఇంట్లో మీ చెయ్యి పడకుండా మొదలై, మీ చెయ్యి పడకుండా ముగిసే పని అదొక్కటే. దానికోసమే మీరు మెట్లెక్కుతున్నారని నాకనిపిస్తుంది.

"నేను కాస్త నవ్వుమొహంగా దిగొస్తే వాడికేమన్నా అవుతుందేమోనని భయం" అని కూడా రాశారు. మనలో చాలామంది తల్లులకు ఈ భయం ఉంది. బిడ్డ బాగున్నాడని పైకంటే దిష్టి తగులుతుందని నోరు కట్టుకుంటాం. కానీ మీరు ఏడ్చిన రోజు అతని రక్తం చిక్కబడలేదు, కొండను చూసి తెప్పరిల్లిన రోజు పలచబడలేదు. అది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రను బట్టి, తిండిని బట్టి ఉంటుంది. అక్కడ మీ జాగ్రత్త పనికొస్తుంది, మీ దిగులు పనికిరాదు.

ఇంతవరకూ మీ పక్షమే మాట్లాడాను. ఇక మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోట్లు చెప్పాలి.

నాలుగో ఠావులో ఇట్లా రాశారు: "రాత్రిపూట ఇల్లంతా సద్దుమణిగితే వాడి ఎదలోంచి టిక్కు టిక్కుమని వినిపిస్తుంది, గోడ గడియారం మాదిరి. గోడకు ఈ పక్క నేను లెక్కపెడతా ఉంటాను. ఆగితే ఎట్లా అని. నాలుగ్గంటలకి ఇక పడుకోలేక మిద్దెక్కుతాను."

అమ్మా, ఆ చప్పుడు లోహపు వాల్వు మూసుకుంటున్నప్పుడు వచ్చేది. దాని రెక్కలు గట్టి పదార్థంతో చేసినవి, మూసుకునేటప్పుడు శబ్దం చేస్తాయి. వినబడుతోందంటే అది తన పని చేస్తోందని. చిక్కిన మనిషికి ఎద మీద కండ తక్కువ కాబట్టి ఇంకా బాగా వినిపిస్తుంది. భయపడాల్సింది అది వినపడుతున్నందుకు కాదు. చప్పుడు ఉన్నట్టుండి మందగించి, దాంతోపాటు ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే అప్పుడు క్షణం ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. ఈ తేడా డాక్టరు మీకు చెప్పే ఉంటాడు, ఆ కంగారులో చెవిన పడి ఉండదు. చెన్నైకి ఫోన్ చేసి మళ్ళీ ఒకసారి అడిగి రాసుకోండి.

గోడకు ఇవతల మీరు లెక్కపెడుతున్నారు సరే, అవతల అతను ఏం చేస్తున్నాడు? ఆ చప్పుడు అతని ఒంట్లోదే. చెవి దిండుకు ఆనిస్తే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. అతనూ లెక్కపెడుతూ ఉండొచ్చు. గోడకేసి తిరిగి ఫోను చూస్తున్నాడని మీరు నొచ్చుకున్నారు, ఆ చప్పుడు వినపడకుండా ఉండడానికే చూస్తున్నాడేమో. ఒకే చప్పుడుకు నిద్ర కాచి, తెల్లారాక ఒకరు మిద్దె మీదికీ ఒకరు ఫోన్లోకీ పోతున్నారు. ఒక్కసారి అడగండి. "నాయనా, రాత్రిళ్ళు నీకు ఆ చప్పుడు వినపడతందా? నాకూ వినపడతంది" అనండి. ఎట్లుంది, ఏం తింటావు, నొప్పుందా అని మీరు రోజూ అడిగే ఇరవై ప్రశ్నల కంటే ఈ ఒక్కటీ మేలు. అతను జవాబు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోయినా నష్టం లేదు. గదిలో ఫ్యాను తిప్పి, రేడియో సన్నగా పెట్టుకుంటే చప్పుడు కలిసిపోతుంది. కొన్ని నెలలకు చాలామంది దానికి అలవాటు పడతారు.

రెండోది ఇంకా కష్టమైన సంగతి. చెన్నై డాక్టరు "చిన్నప్పుడు కీళ్ళ జ్వరం ఏమన్నా వచ్చిందా" అని అడిగినప్పుడు మీకు గుండె ఆగినంత పనైందని రాశారు. ఆరో తరగతిలో ఉండగా మోకాళ్ళు, మడమలు ఒకటి తగ్గితే ఒకటి వాచి, జ్వరంతో వారం పడుకున్నాడు. ఊళ్ళో సూది వేయించారు, తగ్గింది. ఎదిగే వయసు నొప్పులే అనుకున్నారు. "ఆ రోజు నెల్లూరికి తీసకపోయుంటే ఈ కోత ఉండేది కాదు" అన్నారు. ఈ వాక్యం చుట్టూ మీరు పెన్నుతో గీత గీసి, మళ్ళీ కొట్టేశారు.

ఆ జబ్బు నడక చెబుతాను. ముందు గొంతునొప్పి వస్తుంది. ఒక రకం క్రిమి వల్ల వచ్చేది, పిల్లలందరికీ వచ్చే గొంతునొప్పి లాగే ఉంటుంది. తగ్గిన రెండు మూడు వారాలకు కొద్దిమంది పిల్లల్లో ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. ఆ క్రిమి మీద చేయాల్సిన యుద్ధం సొంత కీళ్ళ మీద, గుండె మీద చేస్తుంది. కీళ్ళు వాస్తాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి నొప్పి తిరుగుతుంది, కొన్నాళ్ళకు అదే తగ్గిపోతుంది. కీళ్ళను నాకి గుండెను కరుస్తుందని వైద్యులు చెప్పుకునే పాతమాట ఒకటుంది. నాకిన చోటు కనబడుతుంది, కరిచిన చోటు పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో బయటపడుతుంది. వాల్వు పాడైన పెద్దవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు అట్లాంటి జ్వరం వచ్చినట్టు గుర్తే ఉండదు. వాచిన మోకాలు తగ్గి బిడ్డ మళ్ళీ బడికి పరిగెత్తుతుంటే, గుండెను చూపించాలని పల్లెలో ఉన్న ఏ తల్లికి తోస్తుంది? అప్పుడు మీకు తెలిసినదాంతో మీరు చేశారు. బిడ్డను పట్టించుకోకుండా లేరు.

ఈ మాటలతో మీ మనసు పూర్తిగా తేలికపడదని నాకు తెలుసు. అందుకే చేతికి ఒక పని చెబుతాను. మీ మనవరాలికి మూడేళ్ళు. ఈ జబ్బు ఎక్కువగా అయిదేళ్ళకూ పదిహేనేళ్ళకూ మధ్య పిల్లలకు వస్తుంది. ఆ వయసులో పిల్లకు జ్వరంతో గొంతునొప్పి వస్తే డాక్టరుకు చూపించి, రాసిన మందు రాసినన్ని రోజులూ వేయించండి, సగంలో తగ్గిందని ఆపకండి. మీ వీధిలో పిల్లలకు కీళ్ళు వాస్తే ఆ తల్లులకు మీరే చెప్పగలరు. మీ అబ్బాయికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది రాసి ఉంటే అది తప్పకుండా వేయించాలి. కొత్త వాల్వు వచ్చినా అదెందుకంటే, మిగతా వాల్వులను మళ్ళీ ఆ జ్వరం కరవకుండా.

మూడోది. ఉత్తరం చివర, ఊరికే చెప్పినట్టు, "ఇంతవరకూ వాడి ఎద మీద కుట్టు నేను చూళ్ళేదు, స్నానం చేయించే వేళకు కోడలికి చెప్పి మిద్దెక్కుతాను" అని రాశారు.

మీ కోడలు "మాత్రలేసే టయానికి కనపడర"న్నది ఇందుకే అనుకుంటున్నాను. ఆమెకు మీరు కొండలు చూడటం మీద కోపం లేకపోవచ్చు. ఒళ్ళు తుడవాల్సినప్పుడు, గాయం చూడాల్సినప్పుడు, మాత్రల లెక్క తేల్చాల్సినప్పుడు తాను ఒంటరిగా ఉంటోంది. పైగా ఆమెకు చిన్నపిల్ల. ఆమె మొగుడి ఎద అది. ఆమెకూ భయమే, ఆమెకు పైకెక్కి కూర్చోవడానికి మిద్దె లేదు. ఉంది, కానీ దాని మీద మీరున్నారు.

తెల్లారి కొండను చూడటం ఒకటి, కుట్టును చూడలేక కొండను చూడటం ఇంకొకటి. మొదటిది మిమ్మల్ని నిలబెడుతుంది. రెండోదాని వల్లే మీకు దొంగతనం చేసినట్టు అనిపిస్తోందేమో ఆలోచించండి. మీ ఆడబిడ్డ ఈ రెండూ కలిపేసి ఒకే మాటగా అనేసింది, అందుకే అది అంత లోతుగా గుచ్చుకుంది.

ఇప్పుడేం చేయవచ్చు? మిద్దె మానేయొచ్చు. ఆడబిడ్డ నోరు మూతపడుతుంది. కానీ వారం పది రోజుల్లో మీరు చిన్నదానికి పెద్దదానికి అరవడం మొదలుపెడతారు, ఎక్కువ అరుపులు పడేది కోడలి మీద. మా ఇంట్లో నేను అది చేసి చూశాను, మంచిది కాదు. ఇప్పుడున్నట్టే చెప్పకుండా ఎక్కి, చెప్పకుండా దిగుతూ ఉండొచ్చు. అప్పుడు మిద్దె మీద గడిపిన గంటకు తప్పుభావం రెండు గంటలు వడ్డీ పడుతుంది, కోడలి మౌనం ముదురుతుంది. లేదా, ఇదే నాకు నచ్చేది, దాన్ని దాచకుండా ఇంటి లెక్కలో కలిపేయొచ్చు. "అమ్మాయీ, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నన్ను మిద్దె మీద వదిలెయ్. ఏడున్నర నుంచి మాత్రలు, స్నానం నేను చూసుకుంటా. సాయంత్రం అయిదింటికి పాపను నేను పట్టుకుంటా, ఆ గంట నీది, పడుకుంటావో, మీ అమ్మతో మాట్లాడుకుంటావో నీ ఇష్టం" అనండి. ఇందులో మీకు కలిగే కష్టం ఒకటే, గంట కాగానే దిగిరావాలి. వెలుగు ఇంకా తోట దాకా రాకపోయినా దిగిరావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు మాట తప్పితే కోడలికి ఇప్పటికంటే ఎక్కువ నొప్పి కలుగుతుంది. కాబట్టి చేయగలిగినంతే ఒప్పుకోండి, రోజు విడిచి రోజైనా ఫరవాలేదు.

కుట్టు సంగతి. ఏడో వారానికి పైన చర్మం మూసుకుపోయి గులాబీ గీతలా ఉంటుంది, గడ్డం కింద మెడగుంట దగ్గర మొదలై కిందికి. లోపల ఎముకను ఉక్కు తీగలతో కట్టి ఉంటారు. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడటానికి మూడు నెలలు పడుతుంది. మీరు ఊహించుకుంటున్నదానికంటే అది చిన్నదని నా నమ్మకం. ఎందుకంటే మా అమ్మాయి వీపు విషయంలో నేనూ అట్లాగే ఊహించుకుని వణికాను. అయినా ఒకేసారి చూడాల్సిన పనిలేదు. మొదటిరోజు సబ్బు అందించి గది గుమ్మంలో నిలబడండి. రెండోరోజు తువ్వాలు అందించండి. అతను ఎదిగిన మగవాడు, అమ్మ చూడటం అతనికి ఇష్టం లేకపోవచ్చు. అదీ అడగండి. వద్దంటే ఆ హద్దు అతనిది, దాటకండి. మాత్రల పెట్టె మాత్రం మీరు తీసుకోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి, రక్తం ఎంత పలచగా ఉందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష తారీఖు గోడ క్యాలెండరు మీద రాసుండాలి. నొప్పికి ఊళ్ళో దొరికే బిళ్ళలు, ఎవరో చెప్పిన ఆకుపసర్లు డాక్టరును అడక్కుండా పడకూడదు. గోంగూర, తోటకూర మానేయాల్సిన పనిలేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టండి చాలు. ఒక వారం అసలు పెట్టకుండా, ఇంకో వారం రోజూ పెడితేనే మాత్ర లెక్క తప్పుతుంది. ఇది మీ చేతిలో ఉన్న పని, మీకంటే బాగా ఎవరూ చేయలేరు.

ఇక అబ్బాయికి కొండ చూపించడం. మీకు అన్నం పెట్టిన చోటు అతనికీ అన్నం పెడుతుందనుకోవడం తల్లి మనసే, దాన్ని తప్పుబట్టను. కానీ "నాకేం అనిపించడంలా" అన్న మాటలో మీరు తిరస్కారం విన్నారు, నాకు అందులో నిజాయితీ వినిపించింది. ముప్పైఒక్కేళ్ళకు గుండె ఆపి మళ్ళీ నడిపించుకుని వచ్చినవాడు అతను. ఉద్యోగానికి ఎప్పుడు పోతాడో తెలియదు, పాపను ఎత్తుకోవద్దన్నారు, బండి నడపొద్దన్నారు. మీరు ఆ పావుగంట వెలుగును చూసి తేరుకుంటారు. అతనికి ఆ కొండ ఎక్కలేని ఎత్తులా కనబడుతూ ఉండొచ్చు. మళ్ళీ పట్టుకెళ్ళకండి. అతనంతట అతను వచ్చిన రోజు పక్కన కుర్చీ వేయండి, కొండ గురించి ఏమీ అనకండి. అతని ఓదార్పు ఇంకెక్కడో ఉండొచ్చు, తోటలో నాన్న పక్కన నిమ్మచెట్ల మధ్య నాలుగడుగులేస్తే వచ్చేదేమో. నడక ఎట్లాగూ డాక్టరు చెప్పే ఉంటాడు. మీ ఆయన గురించి ఆరు ఠావుల్లో రెండే వాక్యాలు రాశారు, పొద్దున పోయి చీకటి పడ్డాక వస్తాడని. ఆయనకు తోటే కొండ అయి ఉంటుంది. ఆ ఇద్దరినీ సాయంత్రం కలిపి నడిపించే దారి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. గుండె ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు దిగులు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. కానీ రోజురోజుకూ తగ్గాల్సింది పెరుగుతుంటే, తిండి మానేస్తే, ఎందుకు బతికానా అన్న మాట ఎప్పుడైనా నోటి నుంచి వస్తే, దాన్ని కొండకూ దేవుడికీ వదలకండి. తర్వాతి చెకప్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. మనసు బాధలకు సాయం చేసే టెలీ మానస్ వాళ్ళ ఫోను నంబరు 14416, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అతనే చేయొచ్చు, అతని గురించి మీరూ చేయొచ్చు, మీ గురించి కూడా.

మొక్కు సంగతికి వస్తాను. దీనికి మీరు నాలుగు పంక్తులే రాశారు, కానీ నలభై రోజులు దాటాయన్న భయం ఉత్తరమంతా ఉంది. పెంచలకోన స్వామి కథ మీకు నాకంటే బాగా తెలుసు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రం చల్లారక ఈ కొండల్లో తిరిగి, చెంచులక్ష్మిని చూసి శాంతించాడని, రెండు శిలలు పెనవేసుకున్న రూపంలో అక్కడ నిలిచాడని, అందుకే పెనుశిల అయిందని చెప్పుకుంటాం. అంతటి కోపం చల్లారడానికి కొండా, అడవీ, కొంతకాలమూ కావాల్సొచ్చింది. ఎముక అతకడానికి మూడు నెలలు పడుతుందంటే ఆ స్వామి అర్థం చేసుకోడా?

తొందరపడి ఇప్పుడే తీసుకుపోతే ఏమవుతుందో చూడండి. కుదుపుల ప్రయాణం, రద్దీలో ఎవరి మోచెయ్యో ఎదకు తగలడం ఒకటి. రక్తం పలచబడే మాత్ర మీద ఉన్న మనిషికి కత్తి గాటు పడితే తొందరగా ఆగదు, అది రెండోది. తలనీలాలు ఇవ్వకూడదని కాదు, ఎప్పుడు ఇవ్వొచ్చో డాక్టరును అడిగి, ఆ వారం పరీక్ష సరిగ్గా ఉన్నప్పుడు, కొత్త బ్లేడుతో, నిదానంగా చేయించాలి. మన పెద్దవాళ్ళకు ఇట్లాంటి వేళకు పద్ధతి ఉంది. పసుపు గుడ్డలో రూపాయి కట్టి, ఆలస్యమైంది స్వామీ, వస్తామని చెప్పుకుని దేవుడి గూట్లో పెట్టేవాళ్ళు. మీరూ ముడుపు కట్టుకోవచ్చు. లేదా మీ మొక్కు మీరే తీర్చుకోవచ్చు, మూడు కత్తెర్లు మీ జుట్టే ఇచ్చి రావొచ్చు. మొక్కుకున్నది మీరు కదా.

ఇక్కడే ఇంకో మాట. ఆ మొక్కు అతన్ని అడిగి మొక్కుకున్నది కాదు. ఆ గది బయట అడిగే వీలూ లేదు. ఇప్పుడు అతను రానంటున్నాడంటే దేవుడి మీద కోపమో, తన ఒంటి మీద ఇంకొకరు ఇంకో నిర్ణయం చేయడం మీద విసుగో. ఈ ఏడు వారాల్లో అతని ఒంటిని ఎంతమంది తాకారో, కోశారో, గుచ్చారో లెక్కలేదు. జుట్టైనా నాది అనిపించి ఉండొచ్చు. మూడు నెలల చెకప్ అయ్యాక ఒక్కసారి అడగండి. "నేను ఇట్లా మొక్కుకున్నా, వస్తావా" అని, అంతే. ఆడబిడ్డతోనో, కోడలితోనో చెప్పించకండి. ఏడుపు కలపకండి. వస్తే సంతోషం. రాకపోతే ముడుపు అట్లాగే ఉంటుంది, మీరు మీ వంతు తీర్చుకుంటారు. బలవంతంగా తీసుకుపోతే మొక్కు తీరుతుంది, కానీ ఆ కోన పేరెత్తితే అతను మొహం తిప్పుకుంటాడు. మీకు అంత శాంతి ఇచ్చిన చోటు అతనికి అట్లా కాకూడదు.

ఆడబిడ్డకు ఏం చెప్పాలని అడగలేదు మీరు. చెప్పాల్సింది ఏమీ లేదు. సంక్రాంతికి మళ్ళీ వస్తుందని రాశారు కదా, పొద్దున్నే ఆమెకూ ఒక కాఫీ గ్లాసు మిద్దె మీదికి తీసుకురండి. తన అన్న కొడుకును ఆమె చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగిందన్నారు. ఆ మాట అన్నది ఆమె భయమే అయి ఉంటుంది. రాకపోతే ఆ కాఫీ మీరే తాగండి.

శనివారం కోనకు పొండి. శుక్రవారం రాత్రే కోడలికి చెప్పండి, మాత్రల పెట్టె వారానికి సర్ది పెట్టండి, ఏ బస్సుకు పోయి ఏ బస్సుకు వస్తారో క్యాలెండరు మీద రాయండి. ఏటి పక్కన కూర్చోండి గానీ జలపాతం దాకా అడవిలోకి ఒంటరిగా పోకండి, అది అభయారణ్యం. పెరుగన్నం డబ్బా మీది మీరే కట్టుకోండి. వచ్చేటప్పుడు పాపకు బొరుగులు తేవడం మర్చిపోకండి. చీకటి పడకముందే ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, ముందు కోడలి చేతిలోంచి పాపను తీసుకోండి.